పాత బుల్లెట్‌కు ప్లగ్గు కరెంటు సరిగ్గా రాకపోతే: నల్లగొండలో బోర్డు లేని ఒక షెడ్డు

నల్లగొండలో దేవరకొండ రోడ్డు వైపు ఒక రేకుల షెడ్డు ఉంది. బోర్డు లేదు. బయట ఎప్పుడు చూసినా రెండు మూడు పాత బుల్లెట్లు, ఇంజన్ దింపేసిన ఒక రాజ్‌దూత్ చట్రం ఉంటాయి. అందరూ చాచా షెడ్డు అంటారు. పాయింట్లున్న (ఇంజన్ తిరిగేకొద్దీ తెరుచుకుని, మూసుకుని కాయిల్ కరెంటును ఆపి వదిలే రెండు చిన్న లోహపు బిళ్ళలు) పాత బండి మీ ఇంట్లో ఉండి, ప్లగ్గుకు కరెంటు సరిగ్గా రావడం లేదన్న అనుమానం ఉంటే నేరుగా అక్కడికే తీసుకెళ్ళండి. అక్కడ నచ్చని సంగతులు కూడా ఉన్నాయి, అవీ చెప్తాను.

నా బండి 1996 మోడల్ బుల్లెట్ 350 స్టాండర్డ్. ఏపీ 24 నంబరు, మా నాయన కొన్నది. క్యాస్ట్ ఐరన్ ఇంజన్, పాయింట్ల ఇగ్నిషన్, సెల్ఫ్ లేదు, కుడికాలికి గేర్లు, ఎడమకాలికి బ్రేకు. నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. నల్లగొండ నుంచి నలభై కిలోమీటర్లు, రోజూ ఈ బండి మీదే రాకపోకలు. బస్సులో పోవచ్చు కదా అని మా ఇంట్లో అడుగుతూనే ఉంటారు.

జబ్బు ఇదీ. పొద్దున చల్లటి మీద ఒక్క కిక్కుకే స్టార్టవుతుంది. తిప్పర్తి దాటేదాకా ఏ కిరికిరీ లేదు. ఆ తర్వాత మిస్సింగ్ మొదలవుతుంది, సైలెన్సర్‌లో టపటపమంటుంది, యాక్సిలేటర్ ఇచ్చినకొద్దీ బండి గుంజుకోదు, చివరికి ఆగిపోతుంది. ధాన్యం లారీలు వెనక నుంచి హారన్ కొడుతుంటే రోడ్డు దించి వేపచెట్టు కింద నిలబెట్టాలి. అరగంట చల్లారనిస్తే ఏమీ జరగనట్టు మళ్ళీ స్టార్టవుతుంది. చలికాలంలో ఇంత లేదు. మన నల్లగొండ ఎండలు ముదిరాకే పూర్తిగా మొండికేసింది.

చాచా దగ్గరికి వెళ్ళకముందు ఊళ్ళోనే ఇంకో చోట చూపించాను. ఆ దుకాణం పేరు వద్దు. మొదట కార్బురేటర్ కడిగారు. తర్వాత ప్లగ్గు మార్చారు. ఆ తర్వాత బ్యాటరీ వోల్టేజీని ప్లగ్గుకు కావాల్సినంత పెంచే కాయిల్ పోయిందన్నారు, కొత్తది వేశారు. టెస్ట్ డ్రైవ్‌కు తీసుకెళ్ళిన కుర్రాడు బ్రేకు అనుకుని గేరు తొక్కి, దుకాణం ముందే చెమటలు కక్కాడు. తప్పు వాడిది కాదు, వాడు పుట్టేనాటికే కుడికాలి గేర్లు అరుదైపోయాయి. కానీ వెళ్ళిన ప్రతిసారీ వాళ్ళ పరీక్ష మాత్రం ఒకటే. ప్లగ్గు విప్పడం, హెడ్డుకు ఆనించడం, కిక్కు కొట్టడం, “కరెంటు వస్తోంది కదా సార్” అనడం. వచ్చేది నిజమే. ఎర్రగా, సన్నగా, చప్పుడు లేకుండా వచ్చేది.

చాచా మొదట బండిని ముట్టుకోలేదు. ప్రశ్నలే అడిగాడు. ఆగిపోయే ముందు మిస్సింగ్ ఇస్తుందా, ఒక్కసారిగా ఆగుతుందా? ఆగినంక హారన్ మోగుతుందా? ఎంతసేపు చల్లారితే వస్తుంది? పాయింట్లకు చివరిసారి గ్రీజు ఎవరు పెట్టారు? అన్నీ విని, “ఇప్పుడు చల్లగున్నది, ఇప్పుడు చూస్తే ఏం దొరకదు. తిప్పర్తి దాకా పోయి రా సార్. మిస్సింగ్ షురూ కాంగనే మర్లి రా. ఇంజన్ బందు చెయ్యకు” అన్నాడు. మే నెల మధ్యాహ్నం మూడింటికి! తిట్టుకుంటూనే వెళ్ళాను. కానీ వేడికి వచ్చే జబ్బును వేడి మీదే పట్టుకోవాలన్న మాట అంతకుముందు ఎవరూ అనలేదు.

తిరిగి వచ్చేసరికి బండి దగ్గుతోంది. ఆపించి, తాళం ఆన్‌లో పెట్టి, కిక్కు రాడ్‌ను చేత్తో మెల్లగా దించుతూ డూమ్ (హెడ్‌లైట్ పైభాగం) మీద కరెంటు చూపే అమ్మీటర్ ముల్లును చూడమన్నాడు. పాయింట్లు మూసుకున్నప్పుడు కాయిల్‌లోకి కరెంటు పారుతుంది కాబట్టి ముల్లు మైనస్ వైపు జరగాలి, పాయింట్లు తెరుచుకోగానే టక్కున మధ్యకు రావాలి. నా బండిది బద్ధకంగా కొంచెం జరిగి ఆగింది. అప్పుడు తాళంచెవిని రెండు వేళ్ళతో అటూ ఇటూ కదిపాడు. ముల్లు వణికింది. “చూస్తివా?” అన్నాడు. వోల్టులు కొలిచే మీటరు తీయకముందే, ఒక్క స్క్రూ విప్పకముందే, స్విచ్ దగ్గర ఏదో ఉందని తేలిపోయింది. ఆ ముల్లు ఇన్నేళ్ళుగా నా కళ్ళ ముందే ఉంది, బ్యాటరీ ఛార్జింగ్ చూసుకోవడానికే అనుకునేవాణ్ణి.

ఆ తర్వాత మీటరు. ఇక్కడే నాలాంటి లెక్కల మనిషికి ప్రాణం లేచొచ్చింది. పాయింట్లు మూసి ఉన్న చోట ఇంజన్‌ను ఆపి కొలవాలట. తెరిచి ఉన్నప్పుడు కొలిస్తే కరెంటు పారదు, పారనప్పుడు ఎంత తుప్పు పట్టిన వైరైనా పన్నెండు వోల్టులే చూపిస్తుంది. “అప్పుడు మీటరు అబద్ధం చెప్తది” అన్నాడు. బ్యాటరీ దగ్గర 12.3 వచ్చింది. కాయిల్ రెండు కొనల మధ్య 9.6. మధ్యలో 2.7 వోల్టులు గల్లంతు. మిల్లులో తూకానికి, గోడౌన్ నిల్వకు తేడా వస్తే ఏ చేతిలో పోయిందో చీటీ చీటీ తిరగేసినట్టు చాచా ఒక్కో జాయింటు మీద మీటరు పెట్టి చూశాడు. ఫ్యూజ్ హోల్డర్ దగ్గర 0.3, తాళం స్విచ్ లోపల 1.5, పాయింట్ల దగ్గర 0.4, ఎర్త్ వైరు దగ్గర 0.5. నేను మనసులోనే కూడాను. సరిగ్గా 2.7.

ఇంతకీ ఈ రెండున్నర చిల్లర వోల్టులకు అంత గొడవ ఎందుకు? కాయిల్‌లో నిలవయ్యే శక్తి కరెంటు వర్గంతో పాటు పెరుగుతుంది, తగ్గుతుంది. వోల్టేజీ ఐదో వంతు తగ్గితే స్పార్కుకు దొరికే శక్తి మూడో వంతుకు పైగా పడిపోతుంది. పైగా బయట గాలిలో ప్లగ్గు రెండు కొనల మధ్య దూకడం స్పార్కుకు తేలిక. సిలిండర్ లోపల పిస్టన్ నొక్కిపెట్టిన గాలిలో అదే దూరం దూకడానికి చాలా ఎక్కువ వోల్టేజీ కావాలి. అందుకే హెడ్డుకు ఆనించి చూసినప్పుడు వచ్చిన స్పార్కు, ఎత్తు మీద లోడ్ పడ్డప్పుడు రాదు. చాచా దగ్గర పరీక్ష కోసం ఒక పాత మైకో ప్లగ్గు ఉంది (కంపెనీ పేరు 2008లో బాష్ అయింది, నల్లగొండలో ఇంకా మైకోనే). దాని పక్క కొనను బాగా వంచేసి ఐదారు మిల్లీమీటర్ల సందు చేసి పెట్టుకున్నాడు. ఆ సందును నీలంగా, చిటుక్కుమని చప్పుడు చేస్తూ దూకితేనే ఆయన లెక్కలో కరెంటు ఉన్నట్టు. నా బండి అస్సలు దూకలేదు. బ్యాటరీ నుంచి కాయిల్‌కు నేరుగా ఒక వైరు వేసి కొడితే దూకింది, కానీ నీలంగా కాదు, పసుపుగా. అంటే దొంగ ఇంకొకడు కూడా ఉన్నాడన్నమాట.

ఆ ప్లగ్గును ఎవరూ చేత్తో పట్టుకోకండి. కార్బురేటర్ నుంచి పెట్రోలు కారుతుంటే ఈ పరీక్ష జోలికే పోకండి. షెడ్డులో పనిచేసే పోరడు ఒకసారి పట్టుకుని ఎగిరి పడ్డాడట, ఇప్పటికీ ఆ సంగతి చెప్పి నవ్వుతుంటారు.

రెండో దొంగను పట్టింది మాత్రం చూడాల్సిన సంగతి. సిలిండర్ వెనక కుడిపక్కనున్న పాయింట్ల మూత విప్పాడు. లోపల గ్రీజు దట్టించి ఉంది. ముందటివాళ్ళు ప్రేమ ఎక్కువై పెట్టింది. అది వేడికి కరిగి పాయింట్ల మీదికి జారి నల్లగా మాడిపోయింది. ఒక పాయింటు మీద చిన్న గుంట, ఎదురు పాయింటు మీద చిన్న బొడిపె. షెడ్డు షటర్‌ను సగం దించి నీడ చేయించి, బండిని స్టార్ట్ చేయించాడు. వంగి చూస్తే పాయింట్లు తెరుచుకునే చోట నీలం మెరుపు పటపటా కొట్టుకుంటోంది. కంటికి ఇంతగా కనపడకూడదట. “కండెన్సర్ పోయింది. చల్లగున్నప్పుడు మంచిగనే చేస్తది, వేడెక్కితే లీక్ అయితది” అన్నాడు.

ఆ మెరుపు అక్కడ ఎందుకు ఉండకూడదో నాకు అర్థమైనంతలో చెప్తాను. పాయింట్లు మూసి ఉన్నప్పుడు కాయిల్ లోపలి మొదటి చుట్టలో కరెంటు పారి అయస్కాంత క్షేత్రం తయారవుతుంది. పాయింట్లు తెరుచుకోగానే కరెంటు ఠక్కున ఆగాలి, క్షేత్రం ఒక్కసారిగా కూలాలి. ఎంత వేగంగా కూలితే రెండో చుట్టలో అంత ఎక్కువ వోల్టేజీ పుడుతుంది, వేలల్లో. పాయింట్లు విడిపోతున్న ఆ క్షణంలో కరెంటు వాటి మధ్య సందులోంచే దూకాలని చూస్తుంది. దూకకుండా దానికి కాసేపు చోటిచ్చేది కండెన్సర్. అది లీకైతే మెరుపు పాయింట్ల దగ్గరే వచ్చేస్తుంది, ప్లగ్గుకు మిగిలేది అంతంతమాత్రం. ఆ మెరుపే పాయింట్లను గుంటలు పెడుతుంది. గుంటలు పడ్డ పాయింట్లు మళ్ళీ వోల్టేజీ తింటాయి. బుల్లెట్ ఫోర్ స్ట్రోక్ కాబట్టి ఇంజన్ రెండు చుట్లు తిరిగితే ఒక స్పార్కు. మూడు వేల ఆర్‌పీఎం అంటే నిమిషానికి పదిహేను వందలసార్లు ఈ తెరుచుకోవడం, మూసుకోవడం జరగాలి. మంచి కండెన్సర్ లేకుండా ఆ పాయింట్లు ఎన్నాళ్ళు ఉంటాయో మీరే ఊహించండి.

మెరుపు చూసి వెంటనే కొత్త కండెన్సర్ అమ్మేయలేదు, అది నాకు నచ్చింది. ఆయన దగ్గర రెండు మొసలి క్లిప్పులు కట్టిన ఒక కండెన్సర్ ఉంది. నా దాని వైరు విప్పి, బదులు దీన్ని తగిలించి బండి స్టార్ట్ చేశాడు. మెరుపు దాదాపు మాయం. తీసేసి పాతది పెడితే మళ్ళీ మెరుపు. మళ్ళీ క్లిప్పులు. నన్నే చూడమన్నాడు. దాని తర్వాతే “మారుద్దామా సార్?” అని అడిగాడు.

కొత్తది పెట్టిన పద్ధతి మీద బుల్లెట్ వాళ్ళలో రెండు మాటలున్నాయి. కంపెనీ పెట్టిన చోట పాయింట్ల పక్కనే ఉంటే సిలిండర్ వేడంతా దానికే. చాచా కారు కండెన్సర్ తెచ్చి, ఇంజన్ వేడికి దూరంగా కాయిల్ దగ్గర బిగించాడు, ఎర్త్‌కు పెయింట్ గీకేసి మరీ. ఈ రకం కండెన్సర్లన్నీ 0.2 మైక్రోఫారడ్ అటూ ఇటుగానే ఉంటాయి కాబట్టి నడుస్తుందన్నాడు. నడుస్తోంది. చూడ్డానికి మాత్రం దరిద్రంగా ఉంది. నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టి వైరు వేలాడదీశాడు. బండిని అద్దంలా పెట్టుకునేవాళ్ళకు నచ్చదు, ముందే చెప్పి స్లీవ్ వేయించుకోండి.

మిగతా పనుల్లో చకచకా నడిచాడు. కొత్త పాయింట్లు, ఫీలర్ గేజ్‌తో 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య సందు. కొత్త పాయింట్ల మీద ఉండే నూనె పొరను పెట్రోలు గుడ్డతో తుడిచి, ఎవరిదో విజిటింగ్ కార్డును మధ్యలో పెట్టి లాగాడు, నల్లటి చార కార్డు మీద వచ్చింది, రెండోసారి రాలేదు. పాయింట్లను తెరిచే కామ్ మీద గ్రీజు బియ్యపు గింజంత. తాళం స్విచ్ విప్పి కాంటాక్టులు గీకాడు. గాజు ఫ్యూజ్ హోల్డర్ మార్చాడు. బ్యాటరీ నుంచి ఇంజన్ బోల్టుకు కొత్త ఎర్త్ వైరు వేశాడు. ప్లగ్గు సందు ముందటివాళ్ళు ఈ కాలపు బళ్ళ లెక్కన పెద్దగా పెట్టారట, దాన్ని సగం మిల్లీమీటరుకు దించాడు. మళ్ళీ మీటరు పెడితే కాయిల్ దగ్గర 11.8.

చివర్లో అడిగాడు, “పాత కాయిల్ పారేసినవా?” టూల్ బాక్సులోనే ఉంది. మీటరు పెడితే మొదటి చుట్ట 3.6 ఓమ్‌లు, వెడల్పు సందు ప్లగ్గుకు తగిలించి కొడితే నీలం స్పార్కు. ఏ రోగమూ లేదు దానికి. “దాచుకో, పనికొస్తది” అని గుడ్డలో చుట్టి ఇచ్చాడు. ముందటి దుకాణం గురించి ఒక్క మాట అనలేదు. అనుంటే నాకు కొంచెం హాయిగా ఉండేది.

బిల్లు పదకొండు వందల యాభై. అందులో ఆయన మజూరీ నాలుగు వందలు, మిగతావి సామాన్లు. నేను అంతకుముందు పెట్టిన కాయిల్ ఖర్చు ఒక్కటే దీనికన్నా ఎక్కువ. బిల్లు అన్నాను గానీ కాగితం ఏమీ ఉండదు. రసీదు అడిగితే పాయింట్ల డబ్బా అట్టను చించి వెనకాల నాలుగు అంకెలు రాసిచ్చాడు, కూడిక కూడా నేనే చేసుకున్నాను. నాలాంటి వాడికి ఇది పెద్ద లోటే. గ్యారంటీ అడిగితే, “బండి ఆగితే నువ్వే వస్తవు కద” అంటాడు. ఫోన్ పే ఉంది, అది పోరడి నంబరు మీద.

ఇంకా నచ్చనివి. కూర్చోవడానికి ఒకే స్టూలు, దాని మీద ఎప్పుడూ సామాన్లే. వానొస్తే షెడ్డు ముందు బురద. శుక్రవారం మధ్యాహ్నం నమాజ్‌కు మూస్తాడు, అది సరే, కానీ మళ్ళీ ఎప్పుడు తెరుస్తాడో చెప్పలేం. ముందు మాట్లాడుకుని వెళ్దామంటే ఫోన్ ఎత్తడు. చేతిలో ఉన్న బండి అయ్యేదాకా ఇంకో బండి వైపు చూడడు, ఆఫీసుకు టైమవుతోందని టెన్షన్ పడేవాళ్ళు బండి వదిలేసి ఆటోలో పోవడమే మేలు. పెట్రోల్ ట్యాంకు మీద గ్రీజు చేతి గుర్తు మాత్రం గ్యారంటీగా వస్తుంది.

అన్ని బళ్ళకూ ఈ షెడ్డు కాదు. మా బావమరిది తన తొలినాటి స్ప్లెండర్‌ను ఇక్కడికే తెచ్చాడు. అందులో పాయింట్లు ఉండవు, వాటి పని చేసే ఎలక్ట్రానిక్ సీడీఐ డబ్బా ఉంటుంది. మ్యాగ్నెట్ దగ్గరి కాయిల్స్ కనెక్టర్ విప్పి ఓమ్‌లు చూసి, అవి బాగానే ఉన్నాయని చెప్పాడు. డబ్బా మాత్రం విప్పి చూసేది కాదు, మంచిది ఇంకోటి తగిలించి చూడాల్సిందే, తన దగ్గర లేదన్నాడు. వేరే చోటికి పంపాడు, డబ్బులు తీసుకోలేదు. ఫ్యుయల్ ఇంజక్షన్ బళ్ళను షెడ్డు లోపలికే రానివ్వడు.

వెళ్ళేవాళ్ళకు రెండు మాటలు. ఆయన్ని “చాచా” అంటే చాలు, మెకానిక్ అంటే వినపడనట్టు ఉంటాడు. జబ్బు వేడి మీద వచ్చేదైతే బండిని వేడి మీదే తీసుకెళ్ళండి, లేకపోతే నాలాగే ఎండలో తిప్పర్తి చూసి రావాలి. అంతకుముందు మార్చిన పాత సామాన్లు ఉంటే వెంట తీసుకెళ్ళండి. ఉదయం పది లోపు వెళ్తే ఆయన మూడ్ బాగుంటుంది, చాయ్ కూడా దొరుకుతుంది.

ఐదుకు నాలుగు ఇస్తాను. ఒకటి తగ్గించింది రసీదుకు, ఆ టేపు చుట్టిన వైరుకు కలిపి. మే ఎండలు పూర్తయ్యేదాకా మిర్యాలగూడ దాకా ఎక్కడా మిస్సింగ్ ఇవ్వలేదు, వేములపల్లి దగ్గర లారీల వెనక పాకుతున్నప్పుడు కూడా. హెడ్‌లైట్ మాత్రం ఇంకా మసకే. అది ఆల్టర్నేటర్ సంగతి, ఒక రోజంతా బండి వదలాలన్నాడు. మిల్లులో ధాన్యం సీజన్ తగ్గాక ఇస్తాను.